చెట్టు ఎక్కించే ముందు ఒకసారి చదవండి: విశాఖ అపార్ట్‌మెంట్, కాలనీ సంఘాలకు బహిరంగ లేఖ

సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, డబ్బు లెక్క చూసే కోశాధికారులకు నమస్కారం.

నేను చెట్లెక్కి కొమ్మలు కొట్టే మనిషిని. మొదట్లో మోకు వేసుకుని, కాళ్లకి బంధం తగిలించుకుని కొబ్బరికాయలు దింపేవాణ్ని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక విశాఖలో ఏ వీధి చూసినా అడ్డంగా పడిన చెట్లే, రంపం మిషను ఉన్న ప్రతివాడికీ చేతినిండా పనే. అప్పుడే నేనూ వడ్డీకి డబ్బు తెచ్చి మొదటి మిషను కొన్నాను. దాన్ని ఎలా పట్టుకోవాలో షాపువాడు చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పులేసుకుని, లుంగీ ఎగ్గట్టి, ఒంటి చేత్తో మిషను పట్టుకుని కోసిన రోజులున్నాయి. అప్పుడు నాకు ఏమీ కాకపోవడం నా తెలివి వల్ల మాత్రం కాదు.

ఇప్పుడు నాతో కలిపి ఆరుగురం. మీలో కొందరి ఆవరణల్లో మేం పని చేశాం కూడా. ఈ లేఖ ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. చెట్టు మీద ఉన్న మనిషి క్షేమంగా దిగుతాడా లేదా అనేది సగం వాడు ఎక్కకముందే, మీ ఆఫీసు గదిలో రేటు మాట్లాడుకునేటప్పుడే తేలిపోతుంది. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

హుద్‌హుద్ అయిన మూడేళ్లకి మా బావమరిది పడ్డాడు. ఒక అపార్ట్‌మెంట్‌లో నిద్రగన్నేరు చెట్టు కొమ్మలు మూడో అంతస్తు బాల్కనీలోకి వస్తున్నాయని ఆదివారం పొద్దున్నే వాచ్‌మన్ ఫోన్ చేశాడు. నేను వేరే పని మీద ఉన్నాను, వాడు ఒక్కడే ఇంకో కుర్రాణ్ని తోడు తీసుకుని వెళ్లాడు. నడుముకి తాడు కట్టుకున్నాడు, కట్టుకోలేదని కాదు. ఆ తాడు రెండో కొస తను కోస్తున్న కొమ్మకే కట్టాడు. కొమ్మ మొదట్లో తొర్ర ఉంది, ఆకుల్లో కనబడలేదు, సగం కూడా కోయకముందే కొమ్మ చీలి విరిగింది, దానితో పాటు వాణ్ని కూడా లాక్కుపోయింది. వెన్నుపూస విరిగింది. పదకొండు నెలలు మంచం మీద ఉన్నాడు.

నేను వెళ్లి కార్యదర్శి గారిని అడిగితే ఆయన అన్న మాట, "మేం పిలవలేదు బాబూ, వాచ్‌మన్ పిలిచాడు." వాచ్‌మన్‌ని అడిగితే, "సార్ చెప్పారు కాబట్టే పిలిచాను." ఆ తర్వాత ఫ్లాటుకి కొంత చొప్పున పోగుచేసి ఇచ్చారు, ఆ సాయం మరిచిపోలేదు. ఆ అపార్ట్‌మెంట్ పేరు రాయను, వాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ ఎవరు పిలిచారు అన్న ప్రశ్నకి ఆ రోజు జవాబు దొరకలేదు, అది నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఆ జవాబు చట్టంలో ఉందని తర్వాత తెలుసుకున్నాను. పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం కట్టాలన్న చట్టం 1923 నుంచీ ఉంది. అందులో ఎవరెవరు కార్మికుల కిందకి వస్తారో చెప్పే షెడ్యూలులో తాటిచెట్లు గీసేవాళ్లు, చెట్లు నరికేవాళ్లు అని విడిగా రాసే ఉంది. మన పని ఎంత ప్రమాదమో అప్పటి ప్రభుత్వాలకే తెలుసన్నమాట. అంతకుముందు అప్పుడప్పుడూ వచ్చే రోజు కూలీలను కొన్ని సందర్భాల్లో పక్కన పెట్టేవారు, 2000లో సవరణ చేసి ఆ మాట తీసేశారు. అంటే ఒక్క రోజు పనికి వచ్చినవాడైనా కార్మికుడే. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల చోట నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి, ఈ పరిహారం సంగతి ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. పని ఇచ్చినవాడిదే బాధ్యత అన్న అసలు మాట మాత్రం అలాగే ఉంది.

మీకు లెక్క కావాలి కాబట్టి లెక్క చెప్తాను. పాత చట్టం పద్ధతిలో మనిషి చనిపోతే నెల కూలిలో సగాన్ని వయసుని బట్టి ఉండే అంకెతో గుణిస్తారు. 2020 జనవరి నుంచి నెలకి 15,000 రూపాయల వరకు లెక్కలోకి తీసుకుంటున్నారు. ముప్పై అయిదేళ్ల మనిషికి ఆ అంకె 197.06. అంటే 7,500ని 197.06తో గుణిస్తే 14,77,950 రూపాయలు. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా పడవచ్చు. ఇంకో ముఖ్యమైన విషయం. మనిషి చనిపోయినా, ఇక ఏ పనీ చేసుకోలేని స్థితికి వచ్చినా, "వాడే బెల్టు పెట్టుకోలేదు, మేం చెప్పినా వినలేదు" అన్న వాదన ఆ చట్టం ముందు నిలబడదు.

పని కాంట్రాక్టరుకి ఇచ్చాం కదా అంటారు. స్కూలు, ఆసుపత్రి, హోటలు లాంటివి తమ వ్యాపార అవసరం కోసం కాంట్రాక్టరుతో చేయించుకుంటే ముందు వాళ్లే పరిహారం కట్టి తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవలసి వస్తుంది. అపార్ట్‌మెంట్ సంఘానిది వ్యాపారమా కాదా అని మీ లాయరు వాదించుకోవచ్చు, నాకు అంత చదువు లేదు. కానీ మీలో చాలామంది చేసేది కాంట్రాక్టరుకి ఇవ్వడం కాదు కదా. వాచ్‌మన్‌ని జంక్షన్‌కి పంపి ఇద్దర్ని తీసుకురమ్మంటారు, సాయంత్రం సంఘం డబ్బులోంచి కూలి ఇస్తారు. మధ్యలో కాంట్రాక్టరే లేనప్పుడు యజమాని ఎవరు? నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని పోలీసు కేసయితే అది వేరే సంగతి, 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంది, ఇదివరకు రెండేళ్లే ఉండేది.

భయపెట్టడానికి రాయడం లేదు. కార్యదర్శి పదవి ఎవరూ జీతానికి చేయరు, ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఎవరో పాపం అందరి తిట్లూ తింటూ చేస్తుంటారు. ఆయన మీద కేసు పడాలని నాకెందుకు ఉంటుంది. పని ఇచ్చే ముందు ఒక్క కాగితం అడగండి. డబ్ల్యూసీ పాలసీ అంటారు, పనివాళ్లకి దెబ్బ తగిలితే పరిహారం కట్టే బీమా, ఇన్సూరెన్స్ కంపెనీలు కాంట్రాక్టర్లకి ఇస్తాయి, ఎంతమంది మనుషులు, ఎన్ని రోజులు, ఏ పని అన్నదాన్ని బట్టి ప్రీమియం ఉంటుంది. పాలసీలో చెట్లు కొట్టే పని అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి, తోటపని అని మాత్రమే రాసి ఉంటే రేపు క్లెయిము దగ్గర ఇబ్బంది. ఆ పాలసీ ఉన్నవాడు రేటు కొంచెం ఎక్కువ చెప్తాడు. ఆ ఎక్కువ ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

రేటు దగ్గరికే వస్తున్నాను. మీరు మూడు కొటేషన్లు తెప్పించుకుని తక్కువ చెప్పినవాడికి ఇస్తారు. రంగులు వేయించినప్పుడు అది సరే, తక్కువ రేటువాడు ఒక కోటింగు తగ్గిస్తాడు, గోడ తొందరగా పాడవుతుంది, అంతే. మా పనిలో తగ్గించడానికి ఏముంది? చెట్టు ఎత్తు తగ్గదు, కొమ్మ బరువు తగ్గదు. తగ్గించగలిగింది మనుషుల్ని, తాళ్లని, కరెంటు ఆపించడానికి ఆగే సమయాన్ని. నలుగురు చేయాల్సిన పనికి ఇద్దరు వస్తారు. కింద ఉండాల్సిన మనిషి కూడా పైకెక్కుతాడు. నేను ఇద్దరు ఎక్కేవాళ్లకి సరిపడా సామాను మొత్తం కొంటే దాదాపు అరవై వేలు అయింది, అందులో తాళ్లు ఎండకి, రాపిడికి పాడవుతాయి కాబట్టి మళ్లీ మళ్లీ కొనాలి. ఆ ఖర్చు నా రేటులో ఉంటుంది. పక్కవాడి రేటులో లేదంటే వాడి దగ్గర ఆ సామాను లేదన్నమాట.

సామాను గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చూడగానే ఏది మంచిదో ఏది ఉత్తదో మీరు గుర్తుపట్టగలగాలి.

బెల్టు అంటే నడుముకి చుట్టుకునే ఒక్క పట్టీ కాదు. దాంతో పడితే నడుం విరుగుతుంది, తలకిందులైతే అందులోంచి జారిపోతాం కూడా. తొడలకీ భుజాలకీ పట్టుకునే పూర్తి బెల్టు ఉండాలి, దాని మీద ఐఎస్ 3521 అన్న గుర్తు ఉంటుంది. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, ఇది మా వాళ్లలో కూడా చాలామందికి తెలియదు. బిల్డింగ్ పనివాళ్లు వాడే బెల్టుకి రింగు వీపు వెనక ఉంటుంది, అది పడిపోతే ఆపడానికి చేసింది. చెట్టు మీద మేం బెల్టులో కూర్చున్నట్టు బరువు వేసి రెండు చేతులతో పని చేయాలి, దానికి నడుము పక్కన రెండు వైపులా రింగులు కావాలి, ముందు వైపు ఒకటి కావాలి. వీపు రింగు ఒక్కటే ఉన్న బెల్టుతో ఎక్కినవాడు పని చేయలేక హుక్కు విప్పేస్తాడు. ఫోటోలో బెల్టు కనిపిస్తుంది, మనిషికి మాత్రం రక్షణ ఉండదు.

తాళ్లు రెండు ఉండాలి. మిషను పట్టుకుని కోసేటప్పుడు మనిషి రెండు చోట్ల చెట్టుకి కట్టి ఉండాలి, ఒకటి పైన బలమైన మానుకి వేసిన ఎక్కే తాడు, ఇంకోటి నడుము చుట్టూ తిప్పి మానుకి పట్టుకునే పొట్టి తాడు. ఒకటి పొరపాటున రంపానికి తెగినా రెండోది ఉంటుంది. నడుము తాడు లోపల ఉక్కు తీగ ఉన్నది అయితే ఇంకా మంచిది. ఈ రెండిట్లో ఏదీ కోసే కొమ్మకి కట్టకూడదు. మా బావమరిది సంగతి చెప్పాను కదా. పసుపురంగు ప్లాస్టిక్ తాడు, బావిలో చేద వేసే తాడు, కొబ్బరి పీచు తాడు వీటితో ఎక్కినవాణ్ని కిందకి దించేయండి, మొహమాటం వద్దు. హుక్కులు తిప్పితే గాని తెరుచుకోని లాకు ఉన్నవి కావాలి.

హెల్మెట్‌కి గడ్డం కింద పట్టీ ఉండాలి. కంపెనీల్లో వాడే హెల్మెట్లు పాత సామాను కొట్లలో చవగ్గా దొరుకుతాయి, వాటికి పట్టీ తెగిపోయి ఉంటుంది, చెట్టు మీద తల వంచగానే హెల్మెట్ కిందపడుతుంది, కింద ఉన్నవాడి నెత్తిన పడినా పడుతుంది. ఐఎస్ 2925 గుర్తు, బిగించుకునే పట్టీ, అంతే చూడండి. కింద తాడు పట్టేవాడికి కూడా హెల్మెట్ ఉండాలి, పైనుంచి ఏది పడినా తగిలేది కిందవాడికే. కళ్లద్దాలు, చెవులకి మూత, కాళ్లకి బూట్లు. రంపం తగిలితే లోపలి దారాలు బయటికొచ్చి గొలుసుని పట్టేసి ఆపేసే ప్యాంట్లు వస్తాయి, మన ఎండకి వేడిగా ఉంటాయి, ఖరీదు కూడా. కిందనుంచి మొద్దులు కోసేవాడికైనా అవి వేయించాలి, ఎందుకంటే ఎడమ తొడ మీద, మోకాలి పైన తగిలే దెబ్బలు అక్కడే ఎక్కువ.

రంపం మిషను గురించి. గొలుసు సెకనుకి ఇరవై మీటర్ల వేగంతో తిరుగుతుంది. బ్లేడు కొసలో పై భాగం దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా మనిషి మొహం మీదకి ఎగురుతుంది, రెప్పవేసే లోపల. అందుకే ముందు వైపు చేతి బ్రేకు ఉంటుంది, రెండు చేతులతో పట్టుకుంటేనే ఆ బ్రేకుని నమ్ముకోవచ్చు. ఒంటి చేత్తో పట్టుకుంటే, భుజం కంటే ఎత్తులో పెట్టి కోస్తే ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. మీరు పైకి చూసినప్పుడు కుర్రాడు ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో మిషను ఊపుతుంటే, అది నైపుణ్యం అనుకుని వీడియో తీయకండి, ఆపమని చెప్పండి. నిచ్చెన మీద నిలబడి మిషను వాడటం అంతకంటే ఘోరం, కొమ్మ ఊగి నిచ్చెనని కొట్టేస్తుంది.

పెద్ద కొమ్మ కోసేటప్పుడు మంచి పనివాడు మూడు కోతలు కోస్తాడు. ముందు కింద నుంచి కొంచెం, తర్వాత దానికి కొంచెం అవతలగా, కొమ్మ కొస వైపు, పైనుంచి, బరువు పడిపోయాక మిగిలిన మొండెం మాను దగ్గర శుభ్రంగా. ఒకే కోతతో పైనుంచి కోస్తే కొమ్మ విరుగుతూ బెరడుని కిందదాకా చీల్చుకుపోతుంది, చెట్టుకీ గాయం, మనిషికీ ప్రమాదం. చెట్టు మొదలంటా కొట్టాలంటే పడే వైపు మూడోవంతుకి మించకుండా నోరు, అంటే ముక్కోణపు గాటు, తీసి, వెనక నుంచి కోసి, మధ్యలో కొంచెం కలప తలుపు బందులా మిగల్చాలి, ఆ బందే చెట్టుని అనుకున్న దిక్కుకి నడిపిస్తుంది. చుట్టూ చెట్టు ఎత్తుకి రెండింతల దూరం ఖాళీ చేయాలి. మీ ఆవరణల్లో అంత ఖాళీ ఎక్కడుంది, అందుకే ముక్కలుగా తాడు మీద దించుతాం, అందుకే రోజంతా పడుతుంది, అందుకే "ఇంత చిన్న చెట్టుకి ఇంతసేపా" అనకండి. మొదలంటా తీసేయడానికి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం 2002 కింద అనుమతి కావాలి, ఆ కాగితం తెచ్చుకోవలసింది మీరే, మా మీద పెట్టకండి.

ఇక కరెంటు. అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ నాకు ఇక్కడే. పచ్చి కొమ్మలో నీళ్లుంటాయి, కరెంటు పాకుతుంది. వానకి తడిసిన కొబ్బరి మట్ట 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) తీగకి తగిలితే చెట్టు ఎక్కినవాడు తీగని ముట్టుకోనక్కరలేదు. తీగకి మరీ దగ్గరికి వెళ్తే తాకకపోయినా కరెంటు దూకవచ్చు. పనసకాయలు, కొబ్బరికాయలు దింపడానికి ఇనప గొట్టానికి కొక్కెం కట్టి వాడతారే, అది మీ మేడ మీద మూలన ఉంటే ఈ రోజే తీసి పాత ఇనుముకి వేసేయండి.

తీగ దగ్గర పని ఉంటే కరెంటువాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి, వాళ్ల సెక్షన్ ఆఫీసుకి వెళ్లి లైన్ క్లియర్ తీసుకోవాలి. లైన్‌మన్ వచ్చి స్విచ్ తీసి, తీగకి కరెంటు లేదని చూసి, ఎర్త్ కట్టి, అప్పుడు ఎక్కమంటేనే ఎక్కాలి. వాచ్‌మన్ "ఆపేశారండీ" అంటే చాలదు. పని అయ్యాక మనుషులందరూ కిందకి దిగారని లెక్క చూసి మేం చెప్పేదాకా కరెంటు తిరిగి ఇవ్వకూడదు. ఇంకొకటి, ఎవరూ ఆలోచించనిది, మీ అపార్ట్‌మెంట్ జనరేటర్. వైరింగు సరిగా లేని జనరేటరు, ఇన్వర్టరు ఉంటే కరెంటు మీ ఇంట్లోంచి వెనక్కి, చచ్చిపోయిందనుకున్న తీగలోకి వెళ్తుంది. ఒకసారి మేం పని మొదలుపెట్టబోతుంటే లైన్‌మన్ టెస్టరు పెట్టి చూసి వద్దన్నాడు, పక్క భవనంలో ఎవరో జనరేటరు వేశారు. ఆ లైన్‌మన్‌కి ఆ రోజు టీ తప్ప ఇంకేమీ ఇవ్వలేకపోయాను. కాబట్టి చెట్టు పని ఉన్న పూట జనరేటరు గదికి తాళం వేసి తాళంచెవి చెట్టు కింద నిలబడే మనిషి జేబులో పెట్టండి. రెండు గంటలు లిఫ్టు లేకపోతే జనం అరుస్తారని తెలుసు, ముందురోజే నోటీసు బోర్డు మీద పెట్టేయండి.

హుద్‌హుద్ తర్వాత మన ఊళ్లో కొన్ని చోట్ల తీగలు నేల కిందకి వెళ్లాయి. గాలివానకి అది మంచిదే. కానీ అక్కడ మొద్దు వేర్లు తీయడానికి జేసీబీ పిలిచే ముందు కేబుల్ ఎటు వెళ్తుందో కరెంటు ఆఫీసులో అడగాలి, గ్యాసు గొట్టం వెళ్లిన వీధి అయితే వాళ్లని కూడా. పైన తీగలు లేవు కదా అని ధైర్యంగా గునపం దించకండి.

తేనెపట్టు గురించి ఒక ముక్క. పెద్ద తేనెటీగలు, కందిరీగలు మిషను శబ్దానికి లేస్తాయి. కుట్టడమే ప్రమాదం, ఆ బాధకి మనిషి హుక్కు విప్పి దూకేసినా ప్రాణం పోతుంది. ముందురోజు సాయంత్రం చెట్టు చుట్టూ తిరిగి బాగా చూడండి, ఫ్లాటుల్లో పిల్లల్ని అడగండి, వాళ్లకి తప్పకుండా తెలుస్తుంది.

కార్లు. క్షమించండి, ఇది కొంచెం కోపంతోనే రాస్తున్నాను. చెట్టు కింద కారు తీయమంటే తీయరు. తీయనివాడి కారు మీద గీత పడుతుందని పైన ఉన్నవాడు కొమ్మని ఇటు లాగాల్సింది అటు లాగుతాడు, ఒంటి చేత్తో పట్టుకుంటాడు, తాడు విప్పుకుని అంచుకి వెళ్తాడు. రెండు సార్లు నా కళ్లతో చూశాను. కారు ఉంటే పని మొదలుపెట్టం అని ఇప్పుడు ముందే చెప్తున్నాను, ఆ మాట మీరే సంఘం తరఫున చెప్తే జనం వింటారు. తాడు కట్టిన గీత లోపలికి పిల్లలు, డెలివరీ కుర్రాళ్లు, కుక్కని తిప్పేవాళ్లు ఎవరూ రాకుండా ఒక మనిషి పని అయ్యేదాకా నిలబడాలి, వాచ్‌మన్ గేటూ ఇదీ రెండూ చూడలేడు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాణ్ని ఎక్కించకండి, వాళ్ల నాన్నే తీసుకొచ్చినా సరే.

పైన మనిషికి ఏదైనా అయితే దించేది ఎవరు? ఈ ప్రశ్న రేటు మాట్లాడేటప్పుడే అడగండి. బెల్టులో స్పృహ తప్పి వేలాడుతున్న మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, నిమిషాల్లో దించాలి. అందుకే ఇంకో మనిషి, ఎక్కడం వచ్చినవాడు, ఇంకో బెల్టూ తాడూ తొడుక్కుని కింద సిద్ధంగా ఉండాలి. ఫైర్‌వాళ్లకి 101, అంబులెన్సుకి 108 చేయండి కానీ వాళ్లు వచ్చేదాకా చూస్తూ ఉండకూడదు. కిందపడినవాణ్ని కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో వేయకండి. మా బావమరిదిని అలాగే వేశారు, ఆదుర్దాలో, మంచి మనసుతోనే. కదపక తప్పకపోతే మెడ, నడుము కదలకుండా ఉంచి, గట్టి పలక మీదకి నలుగురు కలిసి ఒకేసారి ఎత్తాలి. అక్కడే ఉంచితే ప్రాణాపాయం లేకపోతే 108 వాళ్లనే కదపనివ్వండి.

ఎప్పుడు పిలవాలి అన్నది కూడా మనిషి ప్రాణానికి సంబంధించిందే. మీరందరూ జూన్‌లో మొదటి ఈదురుగాలికి ఒకేసారి ఫోన్ చేస్తారు, లేకపోతే అక్టోబర్‌లో తుఫాను హెచ్చరిక వచ్చాక. అప్పుడు మాను తడిసి జారుతుంది, గాలి ఉంటుంది, రోజుకి నాలుగు చోట్లకి పరిగెత్తాలి, అలసిపోతాం. ఫిబ్రవరి, మార్చిలో చేయించుకోండి. మే నెలలో అయితే పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకి ఆపేయనివ్వండి, మన ఊరి ఉక్కకి ఆ తర్వాత చెట్టు మీద తల తిరుగుతుంది. ఏ చెట్టో ముందే చెప్పండి, వీలైతే ఫోటో పంపండి. మునగ, నేరేడు, తురాయి కొమ్మలు పెళుసు, ఎక్కే పద్ధతే వేరు. మొదట్లో పుట్టగొడుగులు మొలిచిన చెట్టు అసలు ఎక్కకూడనిది కావచ్చు, దానికి లిఫ్టు బండి పెట్టుకోవాలి.

దయచేసి చెట్టుని బోడి చేయమని అడగకండి. "మొత్తం కొట్టేయ్, మళ్లీ అయిదేళ్లదాకా బాధ ఉండదు" అంటారు. అలా నరికిన చోట గుత్తులుగా పిలకలు వస్తాయి, అవి పై బెరడుకే అంటుకుని ఉంటాయి, లోపలికి పట్టు ఉండదు. మూడేళ్లకి అవి లావవుతాయి, గాలివానకి ముందు విరిగేవి అవే. వాటి మీద మనిషి బరువు కూడా ఆగదు. అంటే ఈ రోజు మీరు మిగుల్చుకున్న డబ్బుకి రేపు ఎక్కేవాడు ప్రాణం పణంగా పెట్టాలి. కొబ్బరి చెట్టుకి తల కొడితే అది చచ్చిపోతుంది, దానికి ఉన్నది ఒకే మొవ్వు. ఎండు మట్టలు, కాయలు ఏడాదికి రెండు మూడు సార్లు దింపించండి చాలు.

ప్రభుత్వాలకి కూడా ఈ పని కనబడదని అనను. తెలంగాణలో గీత కార్మికులకి 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్ష పేరుతో బెల్టూ తాళ్లూ ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కేరళలో కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి కుర్రాళ్లకి యంత్రంతో చెట్టెక్కడం నేర్పించి పంపింది, కొబ్బరి చెట్లు ఎక్కేవాళ్లకి కేర సురక్ష అని ప్రమాద బీమా కూడా ఆ బోర్డుదే, మన కోనసీమ దింపు కార్మికులు, మన జిల్లాల వాళ్లు కూడా అడిగి తెలుసుకోవాలి. కానీ ఊళ్లో నిద్రగన్నేరు, అశోక, రావి కొమ్మలు కొట్టేవాడు గీత కార్మికుడూ కాదు, కొబ్బరి దింపేవాడూ కాదు, బిల్డింగ్ కార్మికుడూ కాదు. వాడిని లెక్కపెట్టే చోటు ఒక్కటే, మీ రిజిస్టరు.

అందుకే ఇది అడుగుతున్నాను. చెట్టు పనికి వచ్చినవాళ్ల పేరు, వయసు, ఫోన్ నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు ఆ పొద్దున రిజిస్టరులో రాయించండి. కరెంటు ఎవరు ఆపారు, ఎన్నింటికి ఆపారు, ఎన్నింటికి మనుషులు దిగారు, అదే పేజీలో రాయండి. కింద మీరు సంతకం పెట్టండి. వచ్చినవాళ్లకి బ్యాంకు ఖాతా ఉంటే, డెబ్బై ఏళ్ల లోపు అయితే, ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు వస్తాయి. అది మీరు ఇవ్వాల్సిన పరిహారానికి బదులు కాదు, కానీ ఉండాలి, ఉందా అని అడగండి. చాలామందికి ఖాతాలోంచి ఆ ఇరవై కోసుకుంటున్నారో లేదో కూడా తెలియదు.

మా బావమరిది ఇప్పుడు చెట్టెక్కడు, ఎక్కలేడు. మాతోనే వస్తాడు. కింద నిలబడి తాడు పడతాడు, పైవాడి రెండు తాళ్లూ ఎక్కడెక్కడ కట్టి ఉన్నాయో కిందనుంచి గట్టిగా అడిగి, జవాబు వచ్చేదాకా మిషను స్టార్ట్ చేయనివ్వడు. మీలో ఏ సంఘమైనా వాచ్‌మన్‌నీ, ఒకరిద్దరు కమిటీ సభ్యుల్నీ ఒక ఆదివారం పొద్దున కూర్చోబెడితే మేమిద్దరం వచ్చి బెల్టు, తాళ్లు, హుక్కులు అన్నీ పరిచి చూపిస్తాం, ఏది మంచిదో ఏది కాదో చేత్తో పట్టుకుని చూసుకోండి. గంట చాలు. డబ్బులు వద్దు, పని మాకే ఇవ్వాలని కూడా లేదు. జూన్ రాకముందే పిలవండి.

ఇట్లు,
విశాఖలో చెట్లెక్కి బతికే ఒక మనిషి